నీళ్ళు విరగలేదు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన ఏడాది సంగతి ఇది. అంతకుముందూ వరదలొచ్చాయి, తర్వాతా వచ్చాయి. కానీ మా వీధిలో ఎవరి పెళ్ళి ఎప్పుడైంది, ఎవరి పిల్ల ఎప్పుడు పుట్టింది అని అడిగితే వంతెన వరదకు ముందా తర్వాతా అనే చెబుతారు.

నేను పాత ఇనప సామానుకు నికెలు పూత వేసేవాణ్ణి. ఒకప్పుడు పూతల కార్ఖానాలో పని. అది మూతపడ్డాక ఇంటి వెనక వసారాలో సొంతంగా తొట్లు పెట్టుకున్నాను. సైకిలు గంటలు, కుట్టు మిషను చక్రాలు, కుళాయి పిడులు, తలుపు గడియలు, ఇలా తుప్పు పట్టినా పారేయడానికి మనసొప్పనివి జనం తెచ్చి ఇచ్చేవాళ్ళు. పని గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. తుప్పు తీయాలి. ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. జిడ్డు పోయేలా సున్నం పెట్టి రుద్ది కడగాలి. రాగి తీగకు వేలాడదీసి పచ్చగా ఉండే నికెలు నీళ్ళలో ముంచాలి. తొట్టిలో ఒక పక్క నికెలు పలక, ఇంకో పక్క మన వస్తువు. కరెంటు పెట్టెలోంచి సన్నగా కరెంటు వదిలితే పలక కొంచెం కొంచెంగా కరిగి వచ్చి వస్తువు మీద కూర్చుంటుంది. ఎక్కువ వదిలితే నల్లగా మాడుతుంది, తక్కువైతే పట్టదు.

అన్నిటికంటే ముఖ్యం కడగడం. వేలిముద్రంత జిడ్డు మిగిలినా పూత అక్కడ పొంగి పొరలా లేస్తుంది. జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవాలంటే కడిగిన వస్తువును వెలుతురులోకి ఎత్తి పట్టుకోవాలి. నీళ్ళు దాని ఒంటి మీద గాజు తొడిగినట్టు ఒకే పొరగా నిలబడితే పోయినట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. పాలు విరిగినట్టు నీళ్ళు విరిగాయంటాం మేము.

ఆ చూసే పని మా చెల్లెలిది. నా కళ్ళు కార్ఖానా పొగలకు ఎప్పుడో మసకబారాయి. ఆమెవి సూదిలో దారం ఎక్కించే కళ్ళు. నేను తొట్టి దగ్గర నిలబడి వస్తువు ఎత్తి ఆమె వైపు తిప్పేవాణ్ణి. ఆమె పీట మీద కూర్చునే "విరిగింది" అనేది, లేదంటే "నిలిచింది" అనేది. విరిగింది అంటే నేను మారుమాట లేకుండా మళ్ళీ సున్నం ముద్ద తీసుకునేవాణ్ణి.

మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే. నా వంతు కూడా ఆమే మాట్లాడేది. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "ఏంటమ్మా, మీ అన్నయ్య పలకడేం?" అంటే, "ఆయన మాటలన్నీ ఆ తొట్లో కరిగిపోయాయి. కరెంటు పెట్టి చూడండి, ఒకటో రెండో పైకొస్తాయేమో" అనేది. నా భార్య చాలా ముందే పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో మేమిద్దరమే.

మా చెల్లెలికి పసితనంలో జ్వరం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. పోలియో అన్నారు. ఆ కాలు సన్నగా, చల్లగా ఉండిపోయింది. కొంచెం ఎదిగాక ఆసుపత్రి కమ్మరి ఒకాయన ఆమెకు ఇనప కాలు చేసిచ్చాడు. కాలికి అటొకటి ఇటొకటి ఉక్కు పట్టీలు, కింద బూటుకు బిగించి ఉంటాయి. తొడకూ పిక్కకూ తోలు బెల్టులు. మోకాలి దగ్గర రెండు పక్కలా మడత కీళ్ళు, కీళ్ళ పైన చెరొక రింగు. లేచి కాలు చాపగానే ఆ రింగులు కిందికి జారి కీళ్ళ మీద కూర్చుంటాయి. టిక్ మంటుంది. అప్పుడిక మోకాలు వంగదు, దాని మీద బరువేసి నడవచ్చు. కూర్చోవాలంటే రింగులు పైకి లాగాలి. ఆమె ఎదిగే కొద్దీ పట్టీలు మార్చారు గానీ కీళ్ళూ రింగులూ ఆ కమ్మరి చేసినవే. వాటికి పూత వేసింది మాత్రం నేను. కార్ఖానాలో పని నేర్చుకున్నాక నా సొంతానికి చేసిన మొదటి పని అదే.

వీధి పిల్లలు ఆమెను టిక్కు అత్త అనేవాళ్ళు. ఆమెకు కోపం వచ్చేది కాదు. "నేను లేచానంటే నలుగురికీ తెలియాలి కదరా" అనేది.

ఆ వరద మధ్యాహ్నం పూట వచ్చింది. వంతెన పోయిందని ఎవరో చెప్పుకుంటూ పరుగెత్తారు. కాసేపటికే వీధి మొదట్లో నీళ్ళు కనిపించాయి. మా ఇల్లు పల్లంలో ఉంది. ఎదురింటి టైలరుకు మేడ ఉంది, పైకి రమ్మని అతను చెయ్యి ఊపుతున్నాడు. చెల్లెల్ని వీపు మీద ఎక్కించుకోవాలి. ఇనప కాలుతో అయితే కుదరదు, బరువు, పైగా నడుములో గుచ్చుకుంటుంది. ఆమే బెల్టులు విప్పి దాన్ని గోడ మేకుకు తగిలించింది. నేను ఆమెను మేడ మీద దించి కిందికి చూసేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయి. ఇంకొక్కసారి వెళ్ళి రావచ్చు, అంతే.

"ఇనప కాలు తెస్తాను" అన్నాను.

"కరెంటు పెట్టె తీసుకురా" అంది.

నేను కదల్లేదు.

"నా కాలు ఎక్కడికి పోతుంది అన్నయ్యా? ఒంటరిగా నడిచిపోయే రకమా అది? నీ పెట్టె తడిస్తే మనిద్దరి నోట్లో మట్టే. వెళ్ళు, గుడ్లప్పగించి చూస్తావేం."

పెట్టె తెచ్చాను. రెండు చేతులకూ అదే సరిపోయింది.

నీళ్ళు అంత తొందరగా తీయలేదు. దిగి వచ్చి చూస్తే గోడకు మేకు ఉంది, ఇనప కాలు లేదు. వసారాలో బోర్లాపడిన తొట్టి కింద, బురదలో దొరికింది. తోలు ఉబ్బి చీలికలైపోయింది. ఉక్కు మీద నా పాత పూత ఎక్కడికక్కడ లేచిపోయి కింద ఎర్రగా తుప్పు. కీళ్ళు బిగుసుకున్నాయి. రింగులు లాగితే రాలేదు.

మేడ మీద చలికీ తడికీ చెల్లెలికి దగ్గు పట్టుకుంది. దిగేసరికి జ్వరం. జ్వరమైతే తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. మంచం వసారా గుమ్మం పక్కన వేయమంది, తొట్లు కనబడేలా. వేశాను.

"ముందు టైలరు మిషను చక్రం చెయ్యి. నెత్తిన నీడ ఇచ్చాడు. తర్వాత నా కాలు" అని వరస కూడా ఆమే చెప్పింది.

టైలరు చక్రం అయ్యాక ఆమెను బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గుండె విన్నాడు. రెండు కాళ్ళూ నొక్కి చూశాడు. మంచి కాలిని పైకెత్తి, "గట్టిగా తన్నమ్మా నన్ను" అన్నాడు. "డాక్టర్ని తంతే మందు ఎవరిస్తారు?" అంది ఆమె. ఆయన నవ్వాడు. కానీ ఆ కాలు తన్నలేదు. ఆయన అరచేతిలో అలాగే ఉండిపోయింది.

ఆమెను నర్సుతో బయటికి పంపించి నాతో చెప్పాడు. "గుండె బాగా అలిసిపోయింది. మంచి కాలు కూడా పట్టు వదిలేసింది. ఇక లేచి నడవడమన్నది ఉండదు. ఉన్నన్నాళ్ళు సుఖంగా చూసుకోండి."

"ఆమెకు మీరు చెబుతారా?" అన్నాను.

"ఇంట్లోవాళ్ళు చెబితేనే బాగుంటుంది" అన్నాడు. మంచి మనిషే. ఆ పని నాకు అప్పగించాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో అడిగింది, "ఏమన్నాడు?"

"ఒళ్ళు అలవకుండా చూసుకోమన్నాడు."

"అది చెప్పడానికి అంతసేపా?"

నేను బండివాడి వీపు చూస్తూ కూర్చున్నాను. వీధి మలుపు తిరిగాక మళ్ళీ అడిగింది, "నా కాలు ఎప్పుడు మొదలుపెడతావు?"

"రేపు" అన్నాను.

మొదలుపెట్టాను. మొదట్లో నిజంగానే పని ఉంది. కీళ్ళకు నూనె పట్టించి, నానబెట్టి, చెక్క సుత్తితో తట్టి విడదీశాను. తుప్పు యాసిడ్‌లో వదిలింది. కానీ తుప్పు తిన్నచోట ఉక్కు మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అవి పోయేదాకా ఎమరీ పట్టాలి. ఆమె మంచం మీద నుంచి అన్నీ చూసేది, అన్నిటికీ వంక పెట్టేది. "ఆ మూల వదిలేశావు." "అంత గట్టిగా రుద్దకు, అరిగిపోతే ఆ కమ్మరిని ఎక్కడి నుంచి లేపుకొస్తావు?" "బొత్తిగా చెయ్యి తిరగడం లేదు నీకు, ముసలాడివైపోయావు." ఆ తిట్లు వింటూ పని చేస్తుంటే వరద రానట్టే ఉండేది.

మా వీధి చివర చెప్పులు కుట్టే అతను కూర్చుంటాడు. ఆమె బూటుకు అడుగు వేసేది, బెల్టులు కుట్టేది ఎప్పుడూ అతనే. ఆమెను అక్కా అంటాడు. ఒకరోజు తోలు ముక్క చంకన పెట్టుకుని వచ్చాడు.

"కొలత ఇవ్వు అక్కా. ఈసారి ఏ రంగు వెయ్యమంటావు?"

"ఎరుపు వెయ్యి తమ్ముడూ."

"ఎరుపా? ఈ వయసులోనా?"

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు? కట్టబోయే కొత్త వంతెన మీద నడుచుకుంటూ పోవాలి. అటు చివరిదాకా పోయి చూసి వస్తాను. ఎరుపైతే పడిపోయినా నలుగురికీ కనబడతాను."

కొత్త వంతెనకు అప్పటికింకా స్తంభాలు కూడా లేవలేదు. అతను నవ్వుకుంటూ తొడ చుట్టుకొలత తీసుకున్నాడు. టేపు మునుపటికంటే చాలా లోపలికి వచ్చింది. అతను టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే పూత వేశాను. పట్టీలు, కీళ్ళు, రింగులు, అన్నీ. తొట్టిలోంచి తీసి కడిగి గుడ్డతో తుడిస్తే నా మొహం కనబడింది. ఎక్కడా పొంగు లేదు, మాడు లేదు. ఆ పూత నేను వేసినవాటిలోకెల్లా మంచిది. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది, నేనేం చేశానో. ఇక బెల్టులు కుట్టడమే మిగిలింది. కుట్టగానే తొడుక్కుంటుంది. తొడుక్కుంటే లేస్తుంది. లేస్తే పడుతుంది. డాక్టరు చెప్పింది నేను చెప్పకుండానే నేల చెబుతుంది. ఈ పని సాగుతున్నన్నాళ్ళూ ఆమె రేపో మాపో లేవబోయే మనిషి. పని అయిపోయిన రోజున లేవలేని మనిషి.

అప్పుడే చెప్పుల అతను బెల్టులు సరిచూసుకోవడానికి వచ్చాడు. పట్టీ చేతిలోకి తీసుకుని, "అద్దంలా ఉంది అన్నా" అన్నాడు.

"పొంగింది" అన్నాను.

"ఎక్కడ?"

నేను అతని చేతిలోంచి లాక్కున్నాను. మంచం మీద నుంచి చెల్లెలు, "పొంగిందా? చూపించు" అంది.

"చూసేదేముంది. మళ్ళీ వేస్తాను" అని తొట్టి దగ్గరికి వెళ్ళాను. యాసిడ్‌లో ముంచి, కరెంటు తీగలు అటుదిటు తిప్పి పెట్టాను. అలా తిప్పితే ఎక్కిన పూత దిగిపోతుంది. కళ్ళ ముందే మెరుపు పోయి బూడిద రంగైంది.

మర్నాడు వీధి చివర చెప్పుల అతని దగ్గర ఆగినప్పుడు అతను కుడుతున్న చెప్పు మీద నుంచి తల ఎత్తకుండా అన్నాడు. "నాకు తోలు తెలుసు, ఇనుము తెలియదు. కానీ ఆ పూత పొంగలేదు అన్నా."

చెప్పాను. డాక్టరు అన్నది అతని ఒక్కడికే చెప్పాను. అతను దారం పళ్ళతో కొరికి చెప్పు పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చినప్పుడల్లా, "తోలు ఇంకా పదును రాలేదు అక్కా, ఈ ముసురుకి ఆరడం లేదు" అనడం మొదలుపెట్టాడు. ముసురు ఎప్పుడో వెలిసింది.

అలా సాగింది. కడిగేవాణ్ణి, మంచానికి వీపు పెట్టి వెలుతురులోకి ఎత్తేవాణ్ణి, "విరిగింది" అని నేనే అనేసేవాణ్ణి. మళ్ళీ సున్నం. మళ్ళీ ఎమరీ. ఒకసారి పూత దాకా వెళ్ళి కావాలనే కరెంటు ఎక్కువ వదిలి అంచులు మాడ్చాను. ఆమె చూస్తూ ఉండేది. వంకలు పెట్టడం తగ్గింది. అది నీరసం వల్ల అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఎండ వసారాలోకి నిండా వచ్చింది. నేను మోకాలి పట్టీ కడిగి, పరధ్యానంలో ఉన్నానేమో, పాత అలవాటు కొద్దీ దాన్ని ఎత్తి ఆమె వైపు తిప్పాను. నీళ్ళు దాని మీద ఒక్క పొరగా నిలబడి ఉన్నాయి. మసక కళ్ళకు కూడా కనబడేంత శుభ్రంగా నిలబడ్డాయి. ఎండ ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా తెగకుండా పాకింది.

"విరిగింది" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. నేను మళ్ళీ సున్నం తీసుకున్నాను.

సాయంత్రం కంచం తెచ్చి మంచం మీద పెట్టి, దిండు ఎత్తు చేసి కూర్చోబెట్టాను. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"నీళ్ళు విరగలేదు అన్నయ్యా" అంది.

నేను చెంబు సర్దాను.

"నోటితో అబద్ధమాడ్డం చేతకాదు నీకు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ఆ తొట్టితో ఆడిస్తున్నావా? ఆ చెప్పుల తమ్ముడొకడు నీకు తోడు. తోలు ఆరలేదట, తోలు. ఎండకి నేను ఆరిపోతున్నాను, తోలు ఆరలేదట."

నేను చెంబు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాను.

"నీళ్ళు నమలకు. డాక్టరు ఇక నడవదన్నాడు, అంతేనా?"

తల ఊపాను.

"ఆ ముక్క చెప్పడానికి నా కాలిని ఇన్నిసార్లు తోలు వలిచావా? అరిగిపోయి ఉంటుంది పాపం." కంచం పక్కకు జరిపింది. "నాకు తెలియదనుకున్నావా? ఆయన తన్నమన్నప్పుడే తెలిసింది. తన్నాలనే చూశాను నేను. గట్టిగానే తన్నాననుకున్నాను. చూస్తే ఆయన చేతిలో అలాగే ఉంది."

"మరి ఎరుపు బెల్టులన్నావు" అన్నాను.

"నువ్వు తలవంచుకుని రుద్దుకుంటూ ఉంటావని అన్నాను. పని లేకపోతే నువ్వు గోడకేసి చూస్తూ కూర్చుంటావు. వదిన పోయినప్పుడు చూశానుగా." చెయ్యి కడుక్కుని తుడుచుకుంది. "ఇక చాలు. రేపు సరిగ్గా వెయ్యి. నాకు నడవాలని లేదు. అది టిక్ మంటే వినాలనుంది. వరద రోజు నుంచీ వినలేదు."

మర్నాడు ఎత్తి చూపించాను. "నిలిచింది" అంది. అదొక్క మాటే.

రింగుల లోపలి ముఖానికి పూత ఎక్కనివ్వకూడదు. ఎక్కితే మందం పెరిగి కీలు మీద కూర్చోవు. అందుకని లోపల కరిగించిన మైనం పూయాలి. సన్నటి కుంచెతో ఆ మైనం పూసే పని కూడా ఆమెదే. నేను పూస్తానంటే వినలేదు. దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఒడిలో గుడ్డ పరుచుకుని పూసింది. ఒకసారి కుంచె పక్కకు జారింది. ఒక రింగు బయటి వైపు మైనపు చుక్క పడింది. గోటితో గీకబోయి, గీకితే గోటి జిడ్డు అంటుతుందని ఆగిపోయింది.

"మచ్చ పడుతుంది అక్కడ" అంది.

"ఉండనీ" అన్నాను.

పూత వేశాను. కరెంటు సన్నగా వదిలి, తొట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుని, పట్టీలు నెమ్మదిగా తిప్పుతూ వేశాను. మొదటిసారి వచ్చినంత బాగా వచ్చిందో లేదో గానీ బాగానే వచ్చింది. మైనం తుడిచాక రింగు మీద నువ్వు గింజంత చోట ఉక్కు రంగు మిగిలింది.

చెప్పుల అతనికి నేనేమీ చెప్పలేదు. మొహం చూసే తెలుసుకున్నట్టున్నాడు. బెల్టులు తెచ్చాడు. నిజంగానే ఎరుపు. గుమ్మంలో నిలబడ్డాడు.

"తోలు ఆరిందా తమ్ముడూ?" అంది ఆమె.

"ఆరింది అక్కా" అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ముసురు వెలిసిందన్నమాట."

అతను సంచీ గోడ వారగా పెట్టాడు. కింద కూర్చుని బూటుకు బిగింపులు సరిచేశాడు. నేను బెల్టులు పెట్టాను. ఆమెను మంచం అంచున కూర్చోబెట్టి, ఆ సన్నటి కాలిని పట్టీల మధ్య పెట్టి, తొడ దగ్గర, పిక్క దగ్గర బిగించాను. చివరి రంధ్రం దాకా లాగినా బెల్టు వదులే. అతను జేబులోంచి తోలు కుట్టే ఆర తీసి దాని మొనతో ఇంకో రంధ్రం పొడిచాడు.

కాలు చాపాను. రెండు రింగులూ జారి కూర్చున్నాయి. టిక్ మంది.

ఆమె తల కొంచెం వంచి విన్నది. "ఇంకోసారి" అంది.

రింగులు లాగాను, మడిచాను, చాపాను. టిక్ మంది. వీధిలో ఎవరో, "టిక్కు అత్త లేచినట్టుందే" అనడం వినబడింది. ముగ్గురం విన్నాం.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "నిలబెట్టండి" అంది.

"వద్దు అక్కా" అన్నాడు అతను.

"పడేయరుగా ఇద్దరూ కలిసి. నిలబెట్టండి. అన్నయ్యా, నీకే చెప్పేది."

చెరో పక్కా చంకల కింద చేతులేసి ఎత్తాం. పిట్ట బరువు కూడా లేదు. పాదాలు నేలకు ఆనాయి. మేము పట్టు కొంచెం వదిలాం, ఆమె వదలమంది. ఇనప కాలు నిలిచింది. నిటారుగా, ఎక్కడా వణక్కుండా నిలిచింది. మంచి కాలు మోకాలి దగ్గర వంగి, తడిసిన గుడ్డలా కిందికి జారింది. పడకుండా పట్టుకున్నాం.

మంచం మీద కూర్చోబెట్టాక ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నవ్వింది. "ఇన్నేళ్ళూ ఏది మంచి కాలో తప్పు చెప్పుకున్నాం అన్నయ్యా."

చెప్పుల అతను పనిముట్లు ఏరుకుని, చెప్పకుండా వెళ్ళిపోయాడు. సంచీ మరిచిపోయాడు.

ఇనప కాలు విప్పబోతే ఉంచమంది. చీకటి పడేదాకా వేసుకునే ఉంది. మధ్యమధ్య రింగు తనే పైకి లాగి వదిలేది. నేను వసారాలో తొట్లు కడుగుతూ ఆ చప్పుడు విన్నాను. విప్పుతున్నప్పుడు అంది, "నేను పోయినప్పుడు ఇది వేసి పంపకు. అక్కడైనా ఇనుము లేకుండా నడవనియ్యి."

"అలాగే" అన్నాను.

"మరి దీన్నేం చేస్తావు?"

నేను విప్పిన బెల్టు చుట్టాను. ఆమే అంది, "మేకుకు తగిలించు. ఆ మచ్చ దగ్గర తుప్పు పడుతుంది, చూసుకుంటూ ఉండు."

ఆ వారం గడవలేదు. ఒక ఉదయం నేను జావ తీసుకుని వచ్చేసరికి మొహం తొట్ల వైపు తిప్పుకుని ఉంది. నిద్రపోతోందనుకుని జావ మూతపెట్టి ఎమరీ పట్టుకుని కూర్చున్నాను. టైలరు భార్య వచ్చి చూసి చెప్పింది.

వీధంతా వచ్చారు. మొయ్యడానికి నలుగురు పట్టాల్సిన బరువు కాదు, ఇద్దరు చాలు. చెప్పుల అతను ఇనప కాలు వైపు చూసి, "ఇది వేసి పంపుదామా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. ఆమె వద్దందని చెప్పాను. ఆ రోజు నేను మాట్లాడింది అదే. అందరూ నా దగ్గరికి వచ్చి ఏదో ఒకటి చెప్పి, నేను పలుకుతానేమోనని కాసేపు చూసి వెళ్ళారు. నా బదులు పలికే మనిషి లేదు. టైలరు భార్య మంచం మీద దుప్పటి మడిచి పెట్టి, మంచం లోపలికి జరపమంటావా అని అడిగింది. అక్కడే ఉండనివ్వమని చేత్తో సైగ చేశాను.

మర్నాడు పొద్దున్నే లేచాను. మేకు నుంచి ఇనప కాలు దించి, రింగు మీద మచ్చ దగ్గర ఒక చుక్క నూనె వేసి, గుడ్డతో అద్ది మళ్ళీ తగిలించాను. వసారాలోకి వెళ్ళాను. ఎవరిదో కుళాయి పిడి ఒకటి వరద రోజుల నుంచీ పడి ఉంది. తుప్పు అప్పటికే తీసిందే. సున్నం పెట్టి రుద్దాను, మూలల్లో పాత బ్రష్షుతో రుద్దాను. కడిగాను. తీగకు కట్టి వెలుతురులోకి ఎత్తాను. చెయ్యి దానంతట అదే మంచం వైపు తిరిగింది. కాసేపు అలాగే పట్టుకున్నాను. తర్వాత నా వైపు తిప్పుకుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాను. నీళ్ళు విరిగాయో నిలిచాయో నాకు తెలియలేదు. మళ్ళీ సున్నం తీసుకుని మొదటి నుంచి రుద్దాను.